లైను కొలవడం

ముగ్గుపిండి వేరు, సున్నం వేరు. రెండూ తెల్లగానే ఉంటాయి. వేళ్ళ మధ్య నలిపితే ఏది ఏదో నాకు తెలిసిపోతుంది. మూడో తరగతి మానిపించి మా నాన్న నన్ను గుల్ల సున్నం కాల్చే బట్టీలో పెట్టాడు. తరవాత నలభై ఏళ్ళు ఇళ్ళకు వెల్ల వేశాను. మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వనప్పుడు కాలవగట్టు గ్రౌండులో చేరాను. గుణదలలో ఏలూరు కాలవ పక్కన పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే క్లబ్బు అది. గ్రౌండు మూల ఒక రేకుల గది ఉంది. నా మకాం అందులోనే.

నా పని లైన్లు గీయడం. నాలుగు మేకులు, పురికొస, అడుగున చిల్లులు కొట్టిన నూనె డబ్బా. డబ్బాలో ముగ్గుపిండి పోసి పురికొస వెంబడి ఊపుకుంటూ నడవాలి. తల పైకెత్తకూడదు. ఎవరు పిలిచినా పలక్కూడదు. ఆ పని నాకు బాగా కుదిరింది.

గ్రౌండు గోడ మీద రాతలు కూడా నేనే రాశాను. కిందటి ఏడు జూన్‌లో జిల్లా ఫుట్‌బాల్ సంఘం నుంచి ఒక కాగితం వచ్చింది. పిల్లలకు ఆట నేర్పే కోచ్‌లు ఎలా మసలుకోవాలో అందులో ఉంది. ప్రతి గ్రౌండులోనూ అందరికీ కనపడేటట్టు రాయించాలట. క్లబ్బు సెక్రటరీ జానకిరామయ్య గారు, రిటైరైన లెక్చరరు, ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"పెయింటర్ని పిలిస్తే వారం తిప్పుతాడయ్యా. నువ్వు రాయగలవా జీవరత్నం?"

"చూసి వేస్తానండి."

ఒక్కో అక్షరం బొమ్మ వేసినట్టు వేశాను. నీలం రంగు. మూడు రోజులు పట్టింది. కోచ్ జయదేవ్ సార్ నా వెనక నిలబడి పైకి చదివారు.

"పిల్లల్ని కొట్టరాదు. తిట్టరాదు. శిక్షగా పరిగెత్తించరాదు, పాకించరాదు. పది మందిలో అవమానించరాదు. ఇంక నేను చేసేదేముంది తాతా? ఇంటికెళ్ళి పప్పు రుబ్బుకోనా?"

పిల్లలు పడీపడీ నవ్వారు.

చివర్న ఒక వరస ఖాళీగా ఉంది. పిల్లలకు ఏదైనా ఇబ్బంది కలిగితే ఎవరితో చెప్పుకోవాలో ఆ మనిషి పేరు అక్కడ రాయాలి. కోచ్ పేరు రాయకూడదు. జానకిరామయ్య గారూ జయదేవ్ సారూ గోడ ముందు నిలబడి దాని గురించి మాట్లాడుకున్నారు. నేను కుంచె పట్టుకుని పక్కనే ఉన్నాను.

"ఎవర్ని పెడతాం? తల్లుల్లో ఎవర్నన్నా అడుగుదామా?"

"వద్దు సార్, రోజూ ఫోన్లు చేసి చంపుతారు. తాతని పెట్టేద్దాం. ఎప్పుడూ గ్రౌండులోనే ఉంటాడు."

"ఈయనా? రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ."

"అందుకేగా," అన్నారు జయదేవ్ సార్.

ఇద్దరూ నవ్వారు. నా పేరు నేనే రాసుకున్నాను. గోడ మీద నా పేరు పడటం అదే మొదలు. దాచుకోవడం ఎందుకు, నాకు సంతోషమే అయింది.

జయదేవ్ సార్ ఆట తెలిసిన మనిషి. యూనివర్సిటీ టీముకు ఆడారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఇద్దరు పిల్లలు రాష్ట్ర జట్టు దాకా వెళ్ళారు. పిల్లలకు ఆయనంటే భయం. భయమెంతో ఇష్టమూ అంతే. ఆయన వీపు మీద ఒక్క చరుపు చరిచి "ఆడావురా ఇవాళ" అంటే ఆ పిల్లాడు ఇంటికి నడిచి వెళ్ళేవాడు కాదు, ఎగిరి వెళ్ళేవాడు.

ఆయన వేసే శిక్షలు కొన్ని ఉండేవి. అందులో ఒకదాని పేరు లైను కొలవడం. బంతిని తన పొరపాటుతో లైను దాటించినవాడు మూల జెండా దగ్గర బోర్లా పడుకుని, ముక్కు లైనుకు ఆనించి, మోచేతుల మీద సగం లైను దాకా పాకాలి. అక్కడ లేచి "కొలిచాను సార్" అని అరవాలి. ముక్కు, మూతి తెల్లగా అయిపోయేవి. మిగతా పిల్లలు ఆ రోజంతా వాణ్ణి ముగ్గుమూతి అని పిలిచేవారు.

గట్టు మీద బెంచీల్లో తండ్రులు కూర్చుని చూసేవారు. వాళ్ళూ నవ్వేవారు. సాయిగణేష్ అని ఒక పిల్లాడి తండ్రి, తిరుపతిరావు గారు, "మావాడికి రెండో వైపు కూడా కొలిపించండి సార్, ఇంట్లో మాట వినట్లా" అని కేకేసేవారు. నేను గోడ మీద రాసిన "పాకించరాదు" అన్న మాట ఆ లైనుకు ఇరవై అడుగుల దూరంలో ఉండేది. పిల్లలు పాకినప్పుడల్లా నేను గీసిన లైను చెదిరిపోయేది. మళ్ళీ గీసేవాణ్ణి. ముగ్గుపిండేగా అనుకున్నాను. పిల్లలెవరూ నా దగ్గరికి వచ్చి ఏమీ చెప్పలేదు. వస్తే ఏం చేసేవాణ్ణో కూడా ఆలోచించలేదు.

ఈ ఏడు ఫిబ్రవరిలో గన్నవరం మాట వచ్చింది. అక్కడ పిల్లల్ని ఉంచి ఫుట్‌బాల్ నేర్పే హాస్టల్ ఒకటి కడుతున్నారు. అరవై మంది పిల్లలు. తిండి, పడక, చదువు, ఆట అన్నీ అక్కడే. తల్లిదండ్రులు నెలకొకసారి వచ్చి చూసిపోవాలి. దానికి జయదేవ్ సార్‌ని పెద్ద కోచ్‌గా తీసుకుంటామన్నారు. మన క్లబ్బు నుంచి ఎనిమిది మంది పిల్లల్ని కూడా తెచ్చుకోవచ్చన్నారు. ముందు ఆయన నేర్పే తీరు వీడియో తీసి పంపాలి.

అది మంచు పడే కాలం. పొద్దున గీసిన ముగ్గు గంటలో మట్టిలో కలిసిపోతోంది. వీడియో తీసే శనివారం ముందు రోజు జయదేవ్ సార్ బండి మీద రెండు బస్తాలు తెచ్చి నా గది ముందు దింపారు.

"రేపు ఇది వెయ్యి తాతా. లైను మెరిసిపోవాలి."

మూతి విప్పి చిటికెడు తీశాను. అరచేతిలో వేసి ఉమ్మి తగిలించాను. చురుక్కుమంది. వెల్ల వేసే సున్నం, అదీ నీళ్ళు పోసి సరిగ్గా చల్లార్చనిది. చిన్న చిన్న గడ్డలు కూడా ఉన్నాయి.

"సార్, ఇది సున్నమండి."

"తెల్లగా పడుద్దా, పడదా?"

"పడుద్ది."

"మరింకేం? గీసెయ్."

చెప్పవలసింది ఇంకా ఉంది. ఒళ్ళు కాలుద్దండి అనాలి. రెండే మాటలు. అనలేదు. ఒకసారి చెప్పాక మళ్ళీ నోరెత్తడం నాకు చిన్నప్పటి నుంచీ లేదు. బట్టీలో నోరెత్తితే ఆ పూట కూలి పోయేది. అదొక సాకు. అక్కడ బట్టీ యజమాని లేడు, జయదేవ్ సార్ ఉన్నారు. ఆయన నన్ను కొట్టరు కదా. అయినా అనలేదు.

చేతులకు గుడ్డ చుట్టుకుని గీశాను. నా చేతులకు గుడ్డ చుట్టుకున్నాను.

వీడియో తీసే కుర్రాడు తొమ్మిదింటికి వస్తానన్నాడు. ఏడింటికే పిల్లలు రెండు జట్లుగా ఆడుతున్నారు. అందులో అంతోని ఉన్నాడు. పదకొండేళ్ళవాడు. వాడి తల్లి తెరేసమ్మ ఒక బడిలో ఆయా. తండ్రి లేడు. మా చర్చి వాళ్ళే. వాడిది ఎడమ కాలి ఆట. గన్నవరం వెళ్ళే ఎనిమిది మందిలో మొదటి పేరు వాడిదే అని జయదేవ్ సార్ అనేవారు.

వాడు బంతిని ఒక్కడే తీసుకుపోయి ముగ్గుర్ని దాటించాడు. నాలుగోవాడి దగ్గర ఎక్కువ చేశాడు. బంతి లైను దాటింది. వాడు నాలిక్కరుచుకుని నవ్వాడు.

"నవ్వుతున్నావేంట్రా? ఇదేమన్నా తిరునాళ్ళా? పద, పోయి కొలువు!"

నేను రెండో గోలు దగ్గర వల కడుతున్నాను. విన్నాను. పిల్లాడు మూల జెండా వైపు పరిగెత్తుతున్నాడు. నా చేతిలో తాడు ఉంది. ముడి పూర్తి చేశాను. ఆ ముడి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఇటు తిరిగేసరికి వాడు పాకుతున్నాడు. కొంత దూరం వచ్చి తలెత్తాడు.

"సార్, మండుతోంది సార్!"

"మండుద్ది. బంతి పోగొట్టినప్పుడు నాకూ అట్లాగే మండింది. ముక్కు ఆనించు."

గట్టు మీద ఎవరో నవ్వారు. వాడు మళ్ళీ తలెత్తాడు. ఈసారి జయదేవ్ సార్ దగ్గరికి వెళ్ళి బూటు ముందు భాగం వాడి తల వెనక పెట్టి నొక్కారు. గట్టిగా కాదు. దొర్లుతున్న బంతిని ఆపినట్టు ఆపారు, అంతే. పిల్లాడు ఊపిరి పీల్చుకోబోయి పెనుగులాడాడు. మొహం మొత్తం లైనులోకి పోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

వాడు అరిచిన అరుపు నేను మాటల్లో చెప్పలేను.

నేను వెళ్ళేసరికి వాడు మొహం మీద చేతులు పెట్టుకుని దొర్లుతున్నాడు. సాయిగణేష్ నీళ్ళ క్యాను మోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. మూత తీసి వంచబోయాడు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"నీళ్ళొద్దు!"

నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"నీళ్ళొద్దు! సున్నానికి నీళ్ళు తగిలితే ఉడుకుద్ది!"

సాయిగణేష్ ఆగిపోయాడు. "తాతకు తెలుసు, ఆగండ్రా," అన్నారు జయదేవ్ సార్.

బట్టీలో నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక మనిషి సున్నం చల్లార్చే గుంటలో కాలు జారాడు. నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికే గుంట అది. మోకాలి దాకా పోయిన కాలు తోలు లేకుండా బయటికి వచ్చింది. కాల్చిన సున్నానికి నీళ్ళు చూపించకూడదని ఆ రోజు నుంచీ నా ఎముకల్లో ఉంది. అది గుంట సంగతి. కంటి సంగతి నాకు తెలియదు. నాకు తెలియదన్న సంగతి కూడా తెలియదు.

నా తువ్వాలు పొడిది. దానితో తుడిచాను. వాడి కళ్ళు తుడిచాను. ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఎక్కాను. ఆస్పత్రికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. దారి పొడుగునా వాడు నా చొక్కా కొరుకుతూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో నర్సు సీసా మీద సీసా కళ్ళల్లో పోసి కడిగింది. గంటసేపు కడిగింది. కంటి డాక్టరమ్మ బయటికి వచ్చి అడిగింది.

"ఎంతసేపైంది పడి? అక్కడే కడగలేదా? బిందె ఉంటే బిందె, పంపు ఉంటే పంపు. సున్నం పడ్డప్పుడు మొదటి అయిదు నిమిషాల్లో ధారగా కడిగితే కన్ను దక్కుద్ది. ఎందుకు కడగలేదు?"

జయదేవ్ సార్ నా వైపు చూశారు. నేను నేల చూశాను.

"కంగారులో తోచలేదు డాక్టరుగారూ," అన్నారు సార్. "పిల్లాడు జారి లైను మీద పడ్డాడు."

రెండు అబద్ధాలు ఒకే గుక్కలో చెప్పారు. ఒకటి తనకోసం, ఒకటి నాకోసం.

అంతోనికి ఎడమ కన్ను పోయింది. కుడి కంట్లో మసక మిగిలింది. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఎవరో తెలియదు.

తెరేసమ్మ బడి నుంచి పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని తన కళ్ళకద్దుకుంది. నా చేతుల నిండా అప్పటికీ సున్నమే ఉంది. వెనక్కి లాక్కున్నాను.

"నువ్వు లేకపోతే నా బిడ్డకు ఆ కుడి కన్ను కూడా పోయేదంట బాబాయ్. అందరూ చూస్తా నిలబడ్డారంట, నువ్వొక్కడివే ఎత్తుకొచ్చావంట."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం చర్చిలో పూజ అయ్యాక కారియర్ తెచ్చేది. అన్నం, చేపల పులుసు, ఒక్కోసారి గోంగూర. పిల్లాణ్ణి కూడా తెచ్చేది. నేను తినేదాకా కూర్చునేది. నేను తిన్నాను. కారియర్ కడిగి కిటికీలో బోర్లించేవాణ్ణి. వచ్చే ఆదివారం ఖాళీది తీసుకుని నిండుది పెట్టేది.

జిల్లా సంఘం నుంచి విచారణకు మనిషి వస్తున్నారని తెలిసిన రోజు జయదేవ్ సార్ నా గదికి వచ్చారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మంచం మీద కూర్చున్నారు. చిక్కిపోయారు. గడ్డం పెరిగింది.

"నాకు నిద్ర పట్టట్లేదు తాతా. వాడి అరుపే వినపడుతోంది."

నేను గోడకానుకుని కూర్చున్నాను.

"వాడు జారి పడ్డాడు. అందరూ అదే చెబుతున్నారు. నువ్వూ అదే చెప్పు. నువ్వు నీళ్ళొద్దన్న మాట నేను ఎక్కడా అనలా. సాయిగణేష్ చేత కూడా అననివ్వలా. తెరేసమ్మకు తెలిస్తే ఏమైపోద్ది? నీ చేతులు కళ్ళకద్దుకుంటోంది ఆవిడ. అది నువ్వెందుకు పోగొట్టుకోవాలి?"

బెదిరించినట్టు లేదు. నా మేలు కోరే చెబుతున్నట్టు ఉంది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

"గన్నవరం వాళ్ళు ఇంకా నన్నే అడుగుతున్నారు. ఈ విచారణ కాగితం ఒక్కటి సరిగ్గా వెళ్తే చాలు. నీకూ అక్కడ గది ఇప్పిస్తా, ఫ్యాను ఉంటుంది." లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "ఒకటి మాత్రం నేర్చుకున్నా తాతా. అక్కడ లైన్లన్నీ పెయింటే. సున్నం అన్న మాటే ఉండదు."

ఆయన వెళ్ళిపోయాక ఆ మాట నా దగ్గర ఉండిపోయింది. ఆయన నేర్చుకున్నది అదీ. అరవై మంది పిల్లలు, నెలకొకసారి వచ్చే తల్లిదండ్రులు, పెయింటు లైన్లు.

మర్నాడు ఆదివారం. తెరేసమ్మ పంపు దగ్గర గిన్నె కడుగుతోంది. అంతోని నా పక్కన గుమ్మంలో కూర్చున్నాడు. ఎడమ కంటికి గాజుగుడ్డ ఉంది. కాసేపు కాలితో నేల గీకి అడిగాడు.

"తాతా, నేను ఎందాకా కొలిచాను?"

"ముప్పై అడుగులు."

"సగానికి ఎంత తక్కువ?"

"చాలా ఉంది."

"కొలిచాను సార్ అని అరవలా నేను." ఆ సంగతి వాడికి లోటుగా ఉన్నట్టుంది. తరవాత గొంతు తగ్గించాడు. "జారి పడ్డానని చెప్పమన్నారు సార్. గన్నవరం తీసుకెళ్తారంట. కళ్ళు కనపడకపోయినా లోపల గంటలు మోగే బంతితో ఆడతారంట, నేర్పిస్తారంట. తాతా, నేను నిజంగా జారి పడ్డానేమో. నాకిప్పుడు అట్లాగే గుర్తొస్తోంది."

వాడి తల వెనక జుట్టులో నా కన్ను ఆగింది. బూటు పెట్టిన చోటు. అక్కడ మచ్చేమీ లేదు. ఉంటే బాగుండేది.

"లేదురా," అన్నాను. అంతకు మించి రాలేదు.

విచారణకు వచ్చినావిడ పేరు రమాసుందరి గారు. హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. క్లబ్బు గదిలో బల్ల వేసుకుని కూర్చున్నారు. పిల్లల తండ్రులు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. తిరుపతిరావు గారు చెప్పి వెనక కుర్చీలో కూర్చున్నారు. జానకిరామయ్య గారు తాను ఆ రోజు లేనన్నారు. అది నిజమే. అందరి మాటా ఒకటే. మంచుకు తడి నేల, పిల్లాడు జారాడు, పాపం.

తెరేసమ్మ, అంతోని గోడ వారన బెంచీ మీద ఉన్నారు. జయదేవ్ సార్ కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"జీవరత్నం గారూ, రండి. కూర్చోండి."

ఆ గ్రౌండులో నన్ను గారూ అన్నది ఆవిడొక్కరే. కూర్చున్నాను.

"బయట గోడ మీద ఉన్న పేరు మీదేనా?"

"నాదేనండి."

"ఎప్పుడైనా పిల్లలు మీతో ఏదైనా చెప్పారా?"

"లేదండి."

"మీరు చూసింది ఏదైనా ఉందా?"

జయదేవ్ సార్ నవ్వినట్టు అన్నారు. "తాత మాట్లాడడు మేడమ్. పిల్లాణ్ణి ఆస్పత్రికి మోసుకెళ్ళింది ఆయనే."

"ఆయన్ని చెప్పనివ్వండి," అన్నారావిడ.

"జారి పడితే లైను ఒకచోట చెదురుద్దండి," అన్నాను. "ఆ రోజు మూల జెండా నుంచి ముప్పై అడుగుల దాకా చెదిరింది. మర్నాడు మళ్ళీ గీసింది నేను. మేకు పెట్టి చూపిస్తాను, రండి."

రమాసుందరి గారు కలం తీశారు.

"ఎందుకు చెదిరింది?"

"పిల్లాణ్ణి పాకించారండి. ముక్కు ఆనించి. లైను కొలవడం అంటారు. ఎప్పుడూ ఉంది. ఆ రోజు సున్నం. సున్నమని నాకు తెలుసు. కాలుద్దని చెప్పలా. వాడు తలెత్తితే సారు బూటుతో నొక్కారు."

"ముసలాడికి మతి పోయింది!" తిరుపతిరావు గారు లేచారు. "నువ్వెక్కడున్నావ్ అప్పుడు? వల కట్టుకుంటున్నావ్! మా పిల్లల బతుకుల్లో మన్ను పోస్తావా?"

"కూర్చోండి," అన్నారు రమాసుందరి గారు. రాసుకుంటున్నారు. కొంచెం ఆగి అడిగారు. "గ్రౌండులో నీళ్ళు లేవా మరి? ఎవరూ తేలేదా?"

ఆవిడ మామూలుగానే అడిగారు. జయదేవ్ సార్ నన్నే చూస్తున్నారు. ఆపడానికి ఇంకా దారి ఉంది, ఆ చూపులో ఉంది. నీళ్ళు లేవండి అంటే అయిపోతుంది. తెరేసమ్మ నా వైపు చూస్తోంది. నేను ఇంత మాట్లాడగలనని ఆమెకూ తెలియదు. ఆమె మొహంలో ఇంకా కృతజ్ఞతే ఉంది.

"తెచ్చారండి. సాయిగణేష్ క్యాను తెచ్చాడు. నేనే వద్దన్నాను."

"ఎందుకని?"

"సున్నం ఉడుకుద్దని. నాకు అంతే తెలుసు."

రమాసుందరి గారి కలం ఆగింది.

"కడిగి ఉంటే?" అంది తెరేసమ్మ.

ఎవర్ని అడిగిందో తెలియదు. రమాసుందరి గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"డాక్టరుగారి కాగితంలో అలాగే ఉందమ్మా. వెంటనే కడిగి ఉంటే ఒక కన్నయినా పూర్తిగా దక్కేదని."

తెరేసమ్మ ఏడవలేదు. తిట్టలేదు. లేచి కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. నా గది దాకా వెళ్ళింది. కిటికీలో బోర్లించిన కారియర్ తీసుకుంది. గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగాయి. గేటు దాటేదాకా ఆ చప్పుడు వినపడింది.

జయదేవ్ సార్ నా దగ్గరికి వచ్చి చాలా మెల్లగా అన్నారు. "ఏం వచ్చింది తాతా నీకు?"

ఏమీ రాలేదు.

గన్నవరం వాళ్ళు వేరే కోచ్‌ని పెట్టుకున్నారు. జయదేవ్ సార్ మీద కేసు నడుస్తోంది. తండ్రుల్లో సగం మంది పిల్లల్ని మానిపించారు. మానిపించనివాళ్ళు నన్ను చూసి ఉమ్మేసి పోతున్నారు. ఎనిమిది మందిలో ఒక్కడూ గన్నవరం వెళ్ళలేదు. జయదేవ్ సార్ ఎక్కడో ఊరవతల సొంతంగా పిల్లలకు నేర్పుతున్నారని ఒకరన్నారు. లేదు, ఇల్లు కదలడం లేదని ఇంకొకరన్నారు. నాకు తెలియదు.

జానకిరామయ్య గారు నన్ను పనిలోంచి తీసేయలేదు. గోడ మీద పేరు మాత్రం చెరపమన్నారు.

"నువ్వే రాశావుగా. నువ్వే వెల్ల వేసెయ్."

ఒక పూత వేశాను. ఆరాక నీలం కిందనుంచి కనపడింది. రెండో పూత వేశాను. ఆ వరస ఇప్పుడు ఖాళీగా ఉంది. ఇంకా ఎవరి పేరూ రాయమనలేదు. లైన్లు మళ్ళీ ముగ్గుతోనే గీస్తున్నాను.

కిందటి ఆదివారం పూజకు వెళ్ళాను. చాలా వారాలు మానేసి వెళ్ళాను. వెనక వరసలో నిలబడ్డాను. నా ముందు వరసలో వాళ్ళిద్దరూ ఉన్నారని నాకు తెలియదు. శాంతి చెప్పుకోండని ఫాదరు గారు అన్నప్పుడు అందరూ పక్కవాళ్ళకూ వెనకవాళ్ళకూ తిరిగి చేతులు జోడిస్తున్నారు. తెరేసమ్మ తిరిగింది. నన్ను చూసింది. జోడించబోయిన చేతులు అక్కడే ఆగిపోయాయి. కొంగు సర్దుకుని ముందుకు తిరిగింది.

అంతోని కూడా తిరిగాడు. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలిసింది. రెండు చేతులూ జోడించి, ఆ మసక కన్ను నా వైపు పెట్టి, "శాంతి" అన్నాడు. బదులు రావాలి కదా, ఎదురు చూశాడు. నేను చేతులు జోడించాను. అది వాడికి కనపడలేదు.

"ఎవరమ్మా?" అన్నాడు.

ఆమె చెప్పలేదు. నేనూ నోరు తెరవలేదు.